స్థానికులకే 75 శాతం ఉద్యోగాలు: ప్రాంతాభిమానమా, పరాయివాడి మీద కోపమా?

భాస్కర్_హన్మకొండ: ఆంధ్రప్రదేశ్ 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని చట్టం చేసింది. హర్యానా చట్టాన్ని 2023లో హైకోర్టు కొట్టేసింది. కర్ణాటక 2024లో బిల్లు తేబోయి ఆగింది. ఇదంతా సంకుచిత జాతీయవాదమని కొందరంటున్నారు. నేనొప్పుకోను. భూములిచ్చినవాళ్లు ఉద్యోగం అడిగితే తప్పేంటి?

కృష్ణాతీరం: జాతీయవాదమైతే దేశమంతా ఒకటే అనాలి కదండీ? ఎక్కడైనా బతకొచ్చని 19వ అధికరణం చెప్తోంది.

భాస్కర్_హన్మకొండ: మన దగ్గర ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికులకు వాటా ఇచ్చే 371డి అధికరణం కూడా అదే రాజ్యాంగంలో ఉంది.

సుజాత_నాగపూర్: మాది కరీంనగర్. ఆయన ఉద్యోగం వల్ల పాప ఇంటర్ ఇక్కడ నాగపూర్‌లో చదివింది. మెడికల్ సీటుకెళ్తే నాన్‌లోకల్ అన్నారు. ఇదేం న్యాయం?

కృష్ణాతీరం: చూశారా!

భాస్కర్_హన్మకొండ: ఒక్క సీటు పట్టుకుని అంతా కొట్టేయకండి. హైదరాబాద్ రాజ్యంలో ఉద్యోగాలు స్థానికులకే (ముల్కీలకే) అని 1919 నుంచి ముల్కీ నిబంధనలున్నా బయటివాళ్లకే ఉద్యోగాలిచ్చారు. 1952లో అడిగినందుకు సిటీ కాలేజీ దగ్గర కాల్చారు. 1956లో ఆంధ్రతో కలిపేటప్పుడు తెలంగాణకు హామీలిస్తూ పెద్దమనుషుల ఒప్పందం రాసుకుని గాలికొదిలేశారు. 1985లో అక్రమంగా చేరిన స్థానికేతర ఉద్యోగుల్ని వెనక్కి పంపాలని 610 జీవో ఇచ్చారు, అదీ సరిగా అమలు కాలేదు. ఎన్నిసార్లు నమ్మాలి?

చలం_ఎం: మూడింటిని కలిపేస్తున్నారు. 'పైనున్న పెద్దలు జనాన్ని దోచారు' అంటే పాపులిజం. 'వచ్చినోడు మనది తినేశాడు' అంటే నేటివిజం. జాతీయవాదం 'మనం' అంటుంది, ఆ మనంలో ఎవరుండాలో నేటివిజం తేలుస్తుంది. 1966లో బొంబాయిలో శివసేన దక్షిణాదివాళ్ల మీద పడింది, తర్వాత హిందుత్వకు మళ్లింది. శత్రువు మారాడు, పద్ధతి మారలేదు. భాస్కర్ గారు చెప్పిన మోసం చేసింది ప్రభుత్వాలు. కోపం మాత్రం పక్కింటి గుమస్తా మీదికి పోయింది.

రవి_ఖమ్మం: మళ్లీ మొదలైంది.

కృష్ణాతీరం: నేను పుట్టింది హైదరాబాద్‌లోనే. అయినా ఇల్లు అద్దెకు అడిగితే 'మీరు సెట్లర్లా?' అన్నారు. చిన్నప్పటి ఫ్రెండ్ కూడా తెలంగాణ ఉద్యమం రోజుల్లో 'మీవాళ్లు ఎప్పుడెళ్తారు' అన్నాడు. ఎక్కడికెళ్లాలి? గుంటూరులో మాకేముంది?

భాస్కర్_హన్మకొండ: మా నాన్న సెక్రటేరియట్‌లో నోరు తెరిస్తే యాసకు నవ్వేవాళ్లు. సినిమాల్లో మా భాష రౌడీలకు పెట్టారు. మీకు ఒక్క మాట తగిలితే ఇంత నొప్పి. మేం తరాలుగా పడ్డాం!

కృష్ణాతీరం: నవ్వింది నేనా?

చలం_ఎం: అసలు గొడవ ఇప్పుడు బయటపడింది, 75 శాతం గురించి కాదు. భాస్కర్ గారూ, నిజాం కాలంలోనే 15 ఏళ్ల నివాసముంటే ముల్కీ అయ్యేవాడు. కృష్ణాతీరం గారు ఎన్నేళ్లుంటే మీవాడు?

భాస్కర్_హన్మకొండ: ఏళ్లతో కాదన్నా. మా బాధ తనది అనుకున్న రోజు.

కృష్ణాతీరం: అనుకున్నానో లేదో తేల్చేది మీరేనా? నాకు ఒప్పుకోలేనిది అదే.