ఎస్‌ఓఏ మీద పెట్టిన ఖర్చు వ్యాపారానికి తిరిగి వస్తుందా?

గేటుపాసు:
సభ్యులందరికీ నమస్కారం. గాజువాక వైపు గోదాములు, లారీ రవాణా నడిపే ఒక మధ్యతరహా సంస్థలో నేను ఐటీ పనులు చూస్తున్నాను. మా దగ్గర గేటు ఎంట్రీకి ఒక ప్రోగ్రాము, కాటాకు మరొకటి, బిల్లింగుకు ఇంకొకటి, ఖాతాదారులు చూసుకునే పోర్టల్ వేరొకటి ఉన్నాయి. కాటా మీద పడిన తూకం బిల్లింగుకు చేరాలంటే రాత్రి పదకొండింటికి ఒక కుర్రవాడు ఫైలు తీసి, కాలమ్‌లు సరిచేసి, ఇటు ఎక్కించాలి. ఈ మధ్య ఒక సలహాదారు వచ్చి, వాహనం, తూకం, రేటు, ఇన్వాయిస్ అనే నాలుగు పనులను సర్వీసులుగా విడదీసి మధ్యలో వాటి సందేశాలను అటూ ఇటూ చేరవేసే ఒక సర్వీస్ బస్ పెడితే, ఏ ప్రోగ్రామైనా వాటిని పిలిచి వాడుకోవచ్చునని, దీనినే సర్వీస్ ఓరియెంటెడ్ ఆర్కిటెక్చర్ (ఎస్‌ఓఏ) అంటారని చెప్పి కొటేషన్ ఇచ్చి వెళ్లారు. మా డైరెక్టరు గారు అంతా విని ఒక్కటే అడిగారు: "ఇందులో పెట్టిన రూపాయి ఏ రూపంలో తిరిగి వస్తుంది?" సోమవారం లోగా జవాబు చెప్పాలి. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

పాతకాపు:
మార్పు వచ్చిన రోజున తిరిగి వస్తుంది. నా కళ్లతో చూసినది చెబుతాను. మన విశాఖ జిల్లా బండ్లకు ఏపీ 31 ఉండేదన్న సంగతి ఇక్కడ అందరికీ తెలిసినదే. నేను పనిచేసిన ఒక సంస్థలో లారీ నంబరులో 31 ఉంటే అది స్థానిక లారీ, దానికి రాత్రి పార్కింగ్ రుసుము లేదు అనే నిబంధన ఉండేది. ఎవరు ఎప్పుడు రాశారో గాని, ఆ రెండంకెల పరీక్ష గేటు ప్రోగ్రాములో, కాటాలో, బిల్లింగులో, చివరికి నెలవారీ రిపోర్టులో కూడా విడివిడిగా తిష్ఠ వేసి ఉంది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే కోడ్ వచ్చేసరికి, కొత్తగా కొన్న మన ఊరి లారీలన్నీ మా కంప్యూటర్లకు పరాయి లారీలయిపోయాయి. గేటులో సరిచేస్తే బిల్లింగు రుసుము వేసేది. బిల్లింగులో సరిచేస్తే రిపోర్టు లెక్క తప్పేది. అన్నీ దారికి రావడానికి ఆరు వారాలు పట్టింది, ఈలోగా లారీ యజమానులతో రోజూ తగవులే. ఆ తరువాత "ఈ బండి స్థానికమా?" అన్న ప్రశ్నకు ఒకే ఒక సర్వీసు జవాబు చెప్పేటట్లు చేశాము. (నిజానికి 2017 జూలైలో జీఎస్టీకి పడిన పాట్లతోనే మాకు బుద్ధి రావలసింది.) గేటుపాసు గారూ, వ్యాపార విలువ అంటే ఇదే: నిబంధన ఒక్కచోట ఉంటుంది, మార్పు ఒక్కచోట జరుగుతుంది.

చిట్టాపుస్తకం:
నేను ప్రోగ్రామర్ని కాను, పద్దులు చూసేవాడిని. పాతకాపు గారి కథ బాగుంది గాని, అందులో రాబడి ఎంతో లేదు. రిజిస్ట్రేషన్ కోడ్ మారడం ఎన్నేళ్లకొకసారి జరిగే విషయం? ఆ ఒక్క రోజు కోసం ఏటా లైసెన్సు, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం), సర్వర్లు, ఇద్దరు నిపుణుల జీతం భరించాలి. ఎస్‌ఓఏ అమ్మేవారు ప్రతిసారీ "పునర్వినియోగం" అన్న మాట వాడతారు. ఒక్కసారి రాసి పదిమంది వాడుకుంటే ఖర్చు పదోవంతవుతుందన్నది వాదం. నేను చూసిన సంస్థలో ఒక్కొక్క సర్వీసును ఎంతమంది వాడుతున్నారో లెక్క అడిగితే, ఎక్కువ వాటికి ఒక్కరే వాడుకదారు. ఒక్కరే వాడేదానిని పదిమంది వాడేటట్లు కట్టడం పొదుపు ఎలా అవుతుంది?

బీచ్‌రోడ్డు:
ఎస్‌ఓఏ 2009లోనే పోయింది కదండీ, ఇంకా తద్దినాలు పెడుతున్నారా?

పాతకాపు:
బీచ్‌రోడ్డు గారూ, 2009 జనవరిలో బర్టన్ గ్రూప్ అనే ఐటీ పరిశోధన సంస్థకు చెందిన ఆన్ థామస్ మేన్స్ "ఎస్‌ఓఏ చచ్చిపోయింది" అని రాసిన మాట నిజమే. ఆ శీర్షికలోనే రెండో సగం "సర్వీసులు వర్ధిల్లాలి" అని ఉంది. అందరూ మొదటి సగమే చదివారు. ఆవిడ పాతిపెట్టింది ఆ పేరును, దాని చుట్టూ పెరిగిన ఆర్భాటాన్ని. 1996లో గార్ట్‌నర్ అనే ఐటీ పరిశోధన సంస్థ విశ్లేషకులు పెట్టిన పేరు పోయినా, 2014 నుంచి అందరి నోటా నానుతున్న మైక్రోసర్వీసులు (ప్రోగ్రామును చిన్న చిన్న విడి సర్వీసులుగా కట్టే తీరు) ఆ వంశంలోవే.

చిట్టాపుస్తకం గారికి: నాలుగు ప్రోగ్రాములను జంటలు జంటలుగా కలిపితే ఆరు లంకెలు కావాలి. పది ప్రోగ్రాములకు నలభై అయిదు. 2016లో వచ్చిన యూపీఐనే తీసుకోండి. ప్రతి బ్యాంకూ ప్రతి బ్యాంకుతో విడిగా ఒప్పందం చేసుకుని విడిగా తీగ లాగి ఉంటే, ఈరోజు పూర్ణా మార్కెట్లో కొత్తిమీర కట్టకు ఫోనుతో డబ్బు ఇచ్చేవాళ్లమా? అందరూ యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ నిర్ణయించిన ఒకే తీరులో మాట్లాడుతున్నారు కాబట్టే అది సాధ్యమయింది.

చిట్టాపుస్తకం:
నలభై అయిదు అన్నది కాగితం మీది లెక్క. పది ప్రోగ్రాములున్న చోట అన్నీ అన్నిటితో మాట్లాడవు. క్యాంటీన్ కూపన్ల ప్రోగ్రాముకు కాటాతో ఏం పని? గేటుపాసు గారికి మహా అయితే ఆరు తీగలు. ఆరు తీగల కోసం సబ్‌స్టేషన్ కట్టమంటున్నారు. యూపీఐ దేశానికి ఉమ్మడి ఏర్పాటు. గాజువాక గోదాముకు ఆ పోలిక తేవడం న్యాయం కాదు. ఒక్క సర్వీసును సగటున ఎంతమంది వాడితే ఖర్చు గిట్టుతుంది? అంకె చెప్పండి.

రాత్రిడ్యూటీ:
రెండు రోజులుగా చదువుతున్నాను. "మార్పు ఒక్కచోట" అన్నారు. ఆ ఒక్కచోట తప్పు పడితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. నేను పదకొండేళ్లు సపోర్టులో ఉన్నాను. మా దగ్గర కూడా వాహనాల సర్వీసు ఒకటే ఉండేది. ఒక గురువారం సాయంత్రం అందులో చిన్న మార్పు ఎక్కించారు. నంబరు మధ్యలో ఖాళీ ఉంటే ఆ బండి లేదని జవాబు వచ్చేది. తెల్లవారేసరికి నాలుగు గేట్లూ ఒకేసారి మూతపడి, లారీల వరుస రోడ్డెక్కింది. విడివిడిగా ఉన్న రోజుల్లో ఒక గేటు పాడయితే బండ్లను పక్క గేటుకు పంపేవాళ్లం.

హుద్‌హుద్ సంగతి కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న తుఫాను తీరం దాటాక కరెంటు, నెట్‌వర్కు తిరిగి వచ్చేసరికి రోజులు పట్టింది. లైన్లు లేవగానే బస్‌లో ఆగిపోయిన సందేశాలన్నీ ఒక్కుమ్మడిగా కదిలాయి. వాటిలో కొన్ని తుఫానుకు ముందే చేరినవి. చేరినట్లు రసీదు మాత్రం వెనక్కి రాలేదు. బస్ వాటిని మళ్లీ పంపింది, బిల్లింగు మళ్లీ బిల్లు వేసింది. నూటికి పైగా ఇన్వాయిస్‌లు రెండేసి పడ్డాయి. విరిగిన చెట్ల మధ్య నుంచి నడిచి ఆఫీసుకు వెళ్లి, టార్చిలైటు వెలుగులో ప్రింట్లు పక్కపక్కన పెట్టి టిక్కులు కొట్టింది నేను, ఇంకొక అబ్బాయి. ఆ సంవత్సరం ఆ ప్రాజెక్టుకు సంస్థలో అవార్డు వచ్చింది, డిజైన్ చేసినవారికి.

పాతకాపు:
మీ కష్టం పట్ల గౌరవం ఉంది. అయితే ఇవి ఎస్‌ఓఏ లోపాలు కావు, చేతకాని డిజైన్ లోపాలు. ఒకే సందేశం రెండుసార్లు వస్తే రెండోదానిని గుర్తించి వదిలేయాలన్నది ప్రాథమిక పాఠం; ప్రతి సందేశానికి ఒక వరుస సంఖ్య ఇచ్చి, అందుకున్న చోట దానిని సరిచూసుకుంటే చాలు. అలాగే సర్వీసు తీరు మారినప్పుడు పాత వెర్షన్‌ను, కొత్తదానిని కొన్నాళ్లు పక్కపక్కనే నడపాలి. ఇవి పాటించకుండా విధానాన్ని నిందించడం, ఆడలేక మద్దెల ఓడు అన్నట్లుంది.

రాత్రిడ్యూటీ:
ఆడింది మీరు, మద్దెల మోసింది మేము. విధానం ఫలిస్తే విధానం గొప్పతనం, విఫలమయితే చేసినవాడి చేతకానితనం! ఇలాంటి లెక్కలో ఎస్‌ఓఏ ఎప్పటికైనా ఓడుతుందా? మీవంటివారు బోర్డు మీద నాలుగు డబ్బాలు గీసి, బాణాలు పెట్టి ఆరింటికి ఇంటికి వెళ్తారు. రెండింటికి ఫోను మోగేది మీ ఇంట్లో కాదు.

పాతకాపు:
నేను ఎన్ని రాత్రులు సర్వర్ గదిలో నేల మీద పడుకున్నానో మీకు తెలియదు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక్క అవార్డు కూడా తీసుకోలేదు. తెలియని మనిషి గురించి ఇలా రాయడం సభ్యత కాదు.

చిట్టాపుస్తకం:
ఇద్దరూ ఆగండి. సగటు వాడుకదారుల అంకె ఇంకా ఎవరూ చెప్పలేదు.

సింహాచలంఘాట్ (నిర్వాహకుడు):
వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు. విషయం మీదే ఉండండి.

రాత్రిడ్యూటీ:
సరే, విషయమే అడుగుతాను. గేటుపాసు గారూ, రాత్రి పదకొండింటికి ఫైలు ఎక్కించే కుర్రవాడున్నాడని మొదటి పోస్టులో రాశారు. సలహాదారు కొటేషన్‌లో అతని జీతాన్ని ఆదా కింద చూపించారా?

గేటుపాసు:
చూపించారు. ఆదా పట్టికలో మొదటి వరుస అదే.

రాత్రిడ్యూటీ:
నా గొడవంతా అదేనండీ. బస్ గురించో, వెర్షన్ల గురించో కాదు. మా దగ్గర కూడా అలాగే ముగ్గురి పోస్టులు ఆదా కింద చూపించి ప్రాజెక్టు ఆమోదించారు. పని పోలేదు, పేరు మారింది. ఫైలు ఎక్కించడం పోయి, ఆగిన సందేశాలను రాత్రి చేత్తో కదిలించడం వచ్చింది. ఆ పని చేసిన మేము ఒక కాంట్రాక్టరు కింద ఉండేవాళ్లం కాబట్టి, మా ఖర్చు ప్రాజెక్టు పద్దులో కాక "ఇతర సేవలు" అన్న పద్దులో పడింది. అందుకే ఆ పట్టికలో లాభం లాభంగానే మిగిలింది. పాతకాపు గారి మీద నేను విసుక్కున్నది నిజమే. ఆయన ఆ సంస్థలో లేరని నాకు తెలుసు. కానీ ఆయన చెప్పే విలువలో మా రాత్రులు ఎక్కడ ఉన్నాయో ఆయనా చెప్పలేదు.

పాతకాపు:
ఇది మొదటి రోజే రాసి ఉంటే మన మధ్య ఇంత దూరం వచ్చేది కాదు. నా వైపు నుంచి కూడా ఒకటి ఒప్పుకోవాలి. స్థానిక లారీల కోసం మేము ఆ సర్వీసు కట్టినప్పుడు డబ్బు పెట్టింది గేటు విభాగం. బిల్లింగువారు, పోర్టల్‌వారు తరువాత వచ్చి ఉచితంగా వాడుకున్నారు. సర్వీసును ఇరవై నాలుగు గంటలూ నిలబెట్టడానికి మనుషులు కావాలని నేను అడిగినప్పుడు, "మేము కట్టింది మా గేటు కోసం, వాళ్ల కోసం కాదు" అని గేటు విభాగం, "అది గేటువాళ్లది" అని మిగతావారు తప్పించుకున్నారు. అందరిదీ అయినది ఎవరిదీ కాకుండా పోయింది. నేల మీద పడుకున్న రాత్రులు అప్పటివే. అమెజాన్‌లో 2002 ప్రాంతంలో జెఫ్ బెజోస్, విభాగాలన్నీ సర్వీసుల ద్వారానే మాట్లాడుకోవాలని, అలా చేయనివారికి ఉద్యోగం ఉండదని తాఖీదు ఇచ్చినట్లు అక్కడ పనిచేసిన స్టీవ్ యెగ్గే 2011లో రాశారు. దానిని అందరూ సాంకేతిక నిర్ణయంగా చెప్పుకుంటారు గాని, నాకు అది అధికారానికి సంబంధించిన నిర్ణయంగానే కనిపిస్తుంది. మన దగ్గర ఆ మాట అనేవారెవరూ ఉండరు. బస్ మాత్రం కొంటారు.

చిట్టాపుస్తకం:
ఇప్పుడు నాకు అర్థమయ్యే భాషలోకి వచ్చారు. ఉమ్మడి జనరేటరుకు డీజిలు ఖర్చును విభాగాల వాడకం ప్రకారం పంచుతాము. సర్వీసుకు అలాంటి పద్దు ఎందుకు తెరవరు? ఎన్ని పిలుపులు ఎవరి నుంచి వచ్చాయో లాగ్‌లో ఉంటుంది కదా. రాత్రి సపోర్టు జీతాన్ని అందులో కలిపి పంచితే, ఎవరికి నిజంగా అవసరమో నెల తిరిగేలోగా తేలుతుంది. నేను అడిగిన అంకె కూడా అప్పుడు దానంతట అదే బయటకు వస్తుంది. ఆరు తీగలకు బస్ అక్కరలేదన్న మాట మీద మాత్రం నేను కదలను.

పాతకాపు:
ఆ మాట మీద నేనూ మీతో పోట్లాడను. నాలుగు ప్రోగ్రాములకు సాదా ఏపీఐలు (ఒక ప్రోగ్రాము మరొకదానిని నేరుగా పిలిచే ద్వారాలు) చాలు. సర్వీస్ బస్ వేరు, ఎస్‌ఓఏ వేరు అని మొదటి జవాబులోనే చెప్పవలసింది.

గేటుపాసు:
అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి పదకొండింటికి నేను ఆ కుర్రవాడి పక్కన కూర్చున్నాను. కాలమ్‌లు సరిచేయడమంటే ఏమిటో ఇన్నాళ్లూ నాకు తెలియదు. పాత కాటా టన్నుల్లో ఇస్తుంది, కొత్తది కిలోల్లో. అతను చూసి మారుస్తున్నాడు. టార్పాలిన్ తడిస్తే ఖాళీ లారీ బరువు పెరుగుతుందని, వానాకాలంలో ఖాళీ తూకాన్ని ఆ రోజుదే తీసుకుంటున్నాడు, బిల్లింగు ప్రోగ్రాము దాచుకున్న పాత తూకాన్ని కాదు. ఇలాంటివి మొత్తం పదకొండు సర్దుబాట్లు చెప్పాడు, ఒక్కటీ ఎక్కడా రాసి లేదు. సలహాదారు పత్రంలో తూకం సర్వీసు కింద మూడే నిబంధనలు ఉన్నాయి. ఈ కొటేషన్ ప్రకారమే వెళ్లి ఆ పోస్టు తీసేసి ఉంటే, మిగతా ఎనిమిదీ అతనితోపాటే వెళ్లిపోయేవి. సోమవారం డైరెక్టరు గారికి మూడు చెప్పబోతున్నాను: బస్ వద్దు; ముందు తూకం సర్వీసు ఒక్కటే కడదాము; దాని నిబంధనలు ఆ కుర్రవాడే రాస్తాడు. ఆదా పట్టికలో మొదటి వరుస కొట్టేసి, రాత్రి సపోర్టును ఖర్చు వైపు వేశాను. ఇప్పుడు పెట్టుబడి తిరిగి రావడానికి కొటేషన్‌లో చెప్పినదానికంటే ఎక్కువ కాలం పడుతుంది.

రాత్రిడ్యూటీ:
ఆ కుర్రవాడు మీ ఉద్యోగా, కాంట్రాక్టా?

గేటుపాసు:
కాంట్రాక్టు. మార్చితో ముగుస్తుంది. అది కూడా సోమవారమే అడుగుతాను.