వరదకు దారి తెగితే శవాన్ని కాల్చాలా, పూడ్చాలా?

పెన్నొడ్డు:
2009 అక్టోబరులో హంద్రీ, తుంగభద్ర కర్నూలును ముంచినాయి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ కట్ట తెగింది. అట్లాంటిది మళ్లీ వస్తే అంబులెన్సు రాదు, ఫ్రీజర్ పెట్టె దొరకదు, గుంత తీసే మనిషి అవతలి గడ్డన ఇరుక్కుంటాడు. "రోగాలొస్తాయి, ఆ పూటే కాల్చేయండి" అంటారు చానామంది. నేను ఒప్పుకోను. మీరేమంటారు?

గడ్డపార:
రోగాల భయం ఉత్తదే. నీళ్లలో పడి పోయినోళ్ల వల్ల ఊరికి అంటురోగం రాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ ఇదే. మోసేవాళ్లకు రబ్బరు తొడుగులు, బూట్లు, ఆనక సబ్బుతో చేతులు కడగడం చాలు. కలరాతో పోయినోళ్ల సంగతి మాత్రం వేరు, అక్కడ బ్లీచింగ్ నీళ్లు కావాల్సిందే.
ఇంక కాల్చడమా? ఒక్క చితికి 300 నుంచి 400 కిలోల ఎండు కట్టె కావాలి. వరదలో యాడుంది? తడి తుమ్మ మీద కిరసనాయిలు పోస్తే పైపైన మండి ఆరిపోతుంది, శవం సగం కాలి మిగులుతుంది. అంతకన్నా ఘోరం లేదు. పైగా ఆ మనిషెవరో తెలియకముందే బూడిదైతే ఇంటోళ్లు వచ్చి ఏం చూసుకుంటారు?

నల్లరేగడి:
కట్టె మాట నిజమే అన్నా. కానీ కోయిలకుంట్ల వైపు రేగడిలో వానల్లో గుంత తీసి చూడు. గోడలు జారి పడతాయి, అడుగున నీళ్లూరి శవం తేలుతుంది. అందుకేగా జనం ఏటి ఇసుకకు పరిగెత్తేది.

గడ్డపార:
ఏటి ఇసుక అసలొద్దు. తవ్వడం సులువే, మళ్లీ నీళ్లొస్తే కోసుకుపోవడమూ అంతే సులువు. గరుసు నేల ఉన్న మెరక వెతకండి. గుంత ఐదడుగుల లోతు, ఆరున్నర పొడవు, రెండున్నర వెడల్పు. దగ్గర్లోని బావిలోకి తొంగి చూస్తే నీళ్లు ఎంత లోతునున్నాయో తెలుస్తుంది. గుంత అడుగుకూ ఆ నీళ్లకూ నడుమ నాలుగడుగులుండాలి, ఇసుక నేలైతే ఐదు. తాగే నీళ్ల బావికి 200 మీటర్ల దూరం. బేతంచర్ల వైపు రెండడుగులకే నాపరాయి తగిలిందనుకో, ఎంత దిగితే అంత దిగి పైన మూడడుగుల మట్టి పోయాలి. మట్టి కుంగుతుంది కాబట్టి మామూలు గుంత మీదైనా అడుగున్నర ఎత్తు తగ్గొద్దు. కుక్కలు తవ్వకుండా కంప కొట్టి, రాళ్లు పేర్చాలి.

పెన్నొడ్డు:
మరి సున్నం?

గడ్డపార:
దండగ. సున్నం వేస్తే శవం తొందరగా కరిగిపోతుందనుకుంటారు, నిజానికి ఆలస్యమవుతుంది. క్రిములూ చావవు.

పంచనామా:
మీరు గుంత దగ్గరే ఆగిపోయినారు. ముందు ఫోటోలు. మన ఎండకు ఒక రోజు దాటితే ముఖం గుర్తుపట్టలేం. ముఖం నేరుగా, ఒళ్లంతా, బట్టలు, పచ్చబొట్లు, మచ్చలు తీయాలి. ఒక్కో శవానికి ఒక్కో నంబరు, ఒకసారి ఇచ్చింది ఇంకొకరికి ఇవ్వొద్దు. పెన్ను సిరా చెదురుతుంది, చెరగని మార్కరుతో ప్లాస్టిక్ ముక్కల మీద రాసి ఒకటి మణికట్టుకు, ఒకటి చుట్టిన గుడ్డకు, ఒకటి గుంత మీది రాయికి కట్టాలి. ఎక్కువమంది అయితే పక్కపక్కనే అడుగున్నర ఎడంతో పెట్టాలి, ఒకరి మీద ఒకరిని కాదు.
నీళ్లలో పోయినోళ్లది అసహజ మరణం. సిగ్నలు దొరికిన వెంటనే పోలీసులకు చెప్పాలి. పంచనామా, పోస్టుమార్టం కాగితాలు లేకుంటే పరిహారం దగ్గర ఇంటోళ్లు తిరగలేక చస్తారు. మరణ నమోదుకు గడువు 21 రోజులు.

నల్లరేగడి:
లింగాయతులు కూర్చోబెట్టి పూడుస్తారు కదా, ఐదడుగులు చాలదు.

గడ్డపార:
చాలదు. నాలుగడుగుల చదరం, ఏడడుగుల లోతు కావాలి. ప్రాణం పోయిన రెండు మూడు గంటల్లోపే కాళ్లు మడిచి గుడ్డతో కట్టాలి, ఆ తర్వాత ఒళ్లు బిగుసుకుంటుంది. బిగిసినాక బలవంతంగా వంచొద్దు, ఒక రోజు పైన పట్టినా మళ్లీ అదే సడలుతుంది, ఎండాకాలం ఇంకా ముందే. కానీ వరదప్పుడు ఏడడుగులు దిగితే నీళ్లే. పడుకోబెట్టక తప్పదు. ఆ మాట కర్మ చేయించే అయ్యగారితో ఇంటి దగ్గరే తేల్చుకోండి, గుంత ముందు నిలబడి కాదు.