తులసి పూత మీద కందిరీగలు: కన్ను దొరికితే మీసాలు దొరకట్లేదు

తులసికోట: పెరట్లో తులసి విరగబూసింది. పొద్దున 9 అయ్యేసరికి కందిరీగలు, తేనెటీగలు, ఇంకేవో ఈగలు మూగుతున్నాయి. దగ్గరి ఫోటోల కోసం 50 ఎంఎం లెన్స్‌కీ కెమెరాకీ మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (బోలు గొట్టాలు) తగిలించి మూడు రోజులుగా తీస్తున్నా, కన్ను ఫోకస్‌లో ఉంటే మీసాలు మసక, 400 ఫోటోల్లో పనికొచ్చినవి రెండే. ఎఫ్ నంబర్ పెంచితే లెన్స్ రంధ్రం చిన్నదై ఎక్కువ మేర ఫోకస్‌లో ఉంటుందంటారు సరే, నా కెమెరాలో అది 00 చూపిస్తోంది, మారితే కదా!

చెట్టుకింద: అన్నా, అవి ఎలక్ట్రానిక్ కాంటాక్టుల్లేని చవక ట్యూబులు. నేనూ అవే కొని తిట్టుకున్నా. కెమెరాకీ లెన్స్‌కీ మాటల్లేవు కాబట్టి అపర్చర్, అంటే ఆ రంధ్రం, బార్లా తెరిచే ఉంటుంది. కెనాన్ అయితే ఒక చిట్కా ఉంది, ముందు ట్యూబు లేకుండా లెన్స్ పెట్టి ఎఫ్/11 సెట్ చేసి, డెప్త్ ప్రివ్యూ బటన్ (ఎంత మేర ఫోకస్‌లో ఉంటుందో ముందే చూపించేది) నొక్కి పట్టుకునే లెన్స్ ఊడదీయి, అపర్చర్ అక్కడే ఆగిపోతుంది. అయినా వన్ ఈజ్ టు వన్‌లో (సెన్సర్ మీద పురుగు అసలు సైజులోనే పడేంత దగ్గర్లో) ఫోకస్‌లో ఉండేది ఒకటి రెండు మిల్లీమీటర్లే, ఆశలు పెట్టుకోకు.

ముంగిలి: ఎఫ్/11 అంటే వెలుతురు తగ్గిపోతుంది, ఫ్లాష్ తప్పదండి. షట్టర్ 1/200 సెకను పెట్టండి. నేరుగా కొడితే కందిరీగ వీపు తోమిన స్టీలు గిన్నెలా మెరుస్తుంది, అందుకే నేను చిప్స్ డబ్బా కోసి ఫ్లాష్‌కి తొడిగి, మూతికి టిష్యూ పేపర్ అంటించాను. చూసి మా పిల్లలు నవ్వుతారు, వెలుగు మాత్రం మెత్తగా పడుతుంది. ఫోకస్ రింగు తిప్పకండి, మీరే ముందుకీ వెనక్కీ ఊగండి.

వంకాయమడి: మీ రెండో ఫోటోలోది కందిరీగ కాదు, హోవర్‌ఫ్లై అనే ఈగ. మీసాలు పొట్టి, రెక్కలు ఒక్క జతే. చారలు చూసి అందరం మోసపోతాం.

కొత్తకెమెరా: ఫ్రిజ్‌లో కాసేపు పెట్టి తీస్తే కదలవట కదా?

వంకాయమడి: వద్దు బ్రో, అది ఫోటోగ్రఫీ కాదు, హింస. తెల్లారగానే వెళ్లు, ఒళ్లు వెచ్చబడేదాకా అవే బద్ధకంగా ఉంటాయి. సాయంత్రమైతే నీలిచారల తేనెటీగల మగవి పుల్లను నోటితో కరిచి పట్టుకుని వేలాడుతూ నిద్రపోతాయి, వాటిని తీయి. పూల దగ్గర కందిరీగ మనల్ని పట్టించుకోదు, గూడు దగ్గరకి మాత్రం పోకు.

తులసికోట: బటన్ చిట్కా పనిచేసింది! ఇవాళ పొద్దున 6:30కి ఒక కందిరీగ పడింది. కంటి లోపలి అంచున నొక్కు ఉంది, అచ్చం జీడిపప్పులా, మీసం మీద పుప్పొడి కూడా కనిపిస్తోంది. రెండోది తీద్దామని ఊపిరి బిగపట్టేసరికి అమ్మ చెంబుతో నీళ్లు పోసింది.

ముంగిలి: ఆ ఒక్కటీ పెట్టండి ముందు 😄