జలధిశాయా, జలధివాసా? సీబెడ్‌ని శయ్య అనొచ్చా?

వేళచ్చేరి: పొద్దున్నుంచి ఒక పద్యపాదం నోట్లో తిరుగుతోంది, "జలధివాసికిఁ బాయక శయ్య యైన" అని, నన్నయ భారతంలో ఉదంకుడి నాగస్తుతిలోదే కదా, విష్ణువుకి పడకైన అనంతుడనే పాముని పొగిడే పద్యం. సముద్రం అడుగు మట్టిలో సీస్మిక్ (భూకంప) తరంగాలు ఎలా పోతాయో పిల్లల కోసం రాస్తున్నా, సీబెడ్‌కి సముద్రశయ్య అని పెడదామా?

మాంబళం మాస్టారు: వాసి (ఉండేవాడు) కాదండీ, శాయి (పడుకునేవాడు). చంపకమాల కదా, "దుస్సహ" రెండో పాదం చివర విరిగి మూడోది స్సతో మొదలవుతుంది, పదకొండో అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాలి, అక్కడ శా ఉండాల్సిందే. వా పెడితే యతి పోయినట్టే.

వేళచ్చేరి: మా తాతగారు మాత్రం వాసి అనే చదివేవారు మాస్టారూ.

అంబత్తూర్: శాయి సరే, అసలు సంగతి "బాయక"లో ఉంది. ద్రుతం (ముందు మాట చివరి న-కారం) వల్ల ప కాస్తా బ అయింది, మాట పాయక. ఎడబాయక అని అందరూ చెప్తారు గానీ నాకు నదీపాయలో పాయే వినిపిస్తుంది, చీలిపోకుండా పొర మీద పొర అతుక్కున్న పడక అని.

మాస్టారు: "శాయికి" అన్నాడు కదా, ఆయన్ని వదలని పడక అనే. పొరలెక్కడివి?

వేళచ్చేరి: పొరలు నిజంగానే ఉన్నాయండీ, మన బంగాళాఖాతం ఉత్తరాన ఆ మట్టి 15 కిలోమీటర్ల పైనే మందం. నీళ్ళలో ధ్వని సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది, అడుగున మెత్తటి బురద తగిలితే విచిత్రంగా దానికంటే కాస్త తగ్గుతుంది, ఇసుకైతే 1700 దాకా పెరుగుతుంది, గ్యాస్ బుడగలుంటే ఒక్కసారిగా పడిపోతుంది. మట్టిని అడ్డంగా ఊపుతూ పోయే షియర్ తరంగం నీళ్ళలో అసలు పోదు, అందుకే ఈ కదలికల్ని కొలిచే సీస్మోమీటర్‌ని నేరుగా అడుగున దించుతారు, పైపొర బురదలో ఆ తరంగం సెకనుకి కొన్ని పదుల మీటర్లే నడుస్తుంది. ఆ వేగాన్ని బట్టే మట్టి ఎంత గట్టిదో తెలిసేది. ఈ షియర్‌కి తిర్యక్ తరంగం అనే పాఠాల మాటే ఉంచనా?

పెరంబూర్ అక్క: శయ్య వద్దమ్మా, అది నీళ్ళ మీద తేలేది, నువ్వు చెప్పేది నీళ్ళ కిందది. ఒండ్రు అను, గోదావరి పక్కన పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

అంబత్తూర్: అక్కా, అదే పద్యంలో అనంతుడు "బహువనపాదపాబ్ధి" అంటూ అడవులూ సముద్రాలూ ఉన్న భూమినంతా మోస్తున్నాడు. అబ్ధి కింద ఉన్నదీ ఆయనే, జలధి మీద పడకా ఆయనే. శయ్య రెండు చోట్లా నప్పుతుంది.

అక్క: ఒండ్రు నది తెచ్చి వేసేది, అక్కడున్నది అదేగా. శయ్య అంటే పిల్లలకి మంచం గుర్తొస్తుంది.

మాస్టారు: అబ్ధి ఎత్తారు కాబట్టి చెప్తున్నా, "సరస్సరస్వతీ సహిత" దగ్గర మొదలుపెట్టి "అజస్ర సహస్రఫణాళి" దాకా పైకి చదవండి, ఆ స-కారాలు బుసకొట్టినట్టే ఉంటాయి, పాముని పొగుడుతూ పాము చప్పుడే చేయించాడు. అక్షరరమ్యత అని నన్నయ తనే చెప్పుకున్నది ఇందుకే.

అంబత్తూర్: దానికి ఒప్పుకుంటా మాస్టారూ, కానీ పాయక మాత్రం చీలకుండా అనే. "పాయలుగా విడిపోవడం" అని ఇప్పటికీ అంటాం కదా.

మాస్టారు: ఎడబాయడం అని కూడా ఇప్పటికీ అంటాం. రేపు నిఘంటువు తీసి ప్రయోగాలు పెడతా.