అప్‌డేట్: స్టోర్‌రూమ్ గోడ ఆరింది, అరలూ పెట్టేశాను

స్టోర్‌రూమ్ గోడ పెచ్చులూడుతోంది, రంగు వేసి అరలు బిగించవచ్చా అని ఇదివరకు అడిగాను. ముందు చెమ్మ ఎక్కడిదో తేల్చుకోమన్నవారికి ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. మీరన్నట్టే ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో గోడకు అతికించి, ఒక రోజంతా వదిలేశాను. తడి గోడవైపే పట్టింది. అంటే అది గదిలోని గాలిది కాదు, గోడ లోపలిదే. చూస్తే అవతలివైపు పైపు అతుకు కారుతోంది. దాన్ని బాగుచేయించి, గోడ పూర్తిగా ఆరేదాకా ఆగాను. అన్నిటికన్నా కష్టం ఈ ఆగడమే. కానీ తడి మీద పుట్టీ పెడితే మళ్లీ ఊడడం ఖాయం.

తర్వాత వదులైన పెచ్చులు గీకి (మాస్కు తప్పనిసరి), పుట్టీ, ప్రైమర్, రెండు పూతలు రంగు. కిటికీ లేని గదికి తెలుపుకు దగ్గరి రంగే మంచిది, ఇప్పుడు మూలలు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

అరలకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడాను. బరువుకు వంగకుండా రెండడుగులకొక బ్రాకెట్ బిగించాను. గాలి ఆడేలా అరకూ గోడకూ మధ్య వేలెడు సందు వదిలాను. కోసిన అంచులకు వార్నిష్ మరవకండి, తేమను ఎక్కువగా పీల్చేది అవే.

తలుపుకు గాలి జాలీ ఇంకా పెట్టాలి. పైన ఒక్కటి చాలా, కింద కూడా కావాలా?