గ్యారీ లార్సన్ ఆవు కార్టూన్‌లో జోకు ఎక్కడుందో ఎవరైనా చెప్తారా?

పిల్లకాకి:

మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎవరో గ్యారీ లార్సన్ అనే అమెరికా కార్టూనిస్టు గీసిన పాత ‘ఫార్ సైడ్’ కార్టూన్ ఒకటి పెట్టారు. ఓ ఆవు రెండు కాళ్ల మీద నిలబడి ఉంది, ముందు బల్ల, బల్ల మీద నాలుగు వస్తువులు. ఒకటి మొద్దు రంపంలా ఉంది, మిగతా మూడూ ఏంటో ఆ బ్రహ్మదేవుడికే తెలియాలి. కింద ‘ఆవు పనిముట్లు’ అని రాసుంది, అంతే. అందరూ పడీ పడీ నవ్వారు, నేనూ మొహమాటానికి ఒక నవ్వు బొమ్మ పడేశాను గానీ ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అమెరికా వాళ్లకే తెలిసే మెలిక ఏదైనా ఉందా? ఈయన మిగతా బొమ్మలూ ఇంతేనా, ఇంత పేరెలా వచ్చింది?

జువాలజీ_మాస్టారు:

మెలికేం లేదండీ. 1982లో అది అచ్చయినప్పుడు అమెరికా వాళ్లకీ అర్థం కాలేదు. ఉత్తరాలు, ఫోన్లు, ఆఖరికి ఒక కార్టూన్‌కి వివరణ ఇస్తూ లార్సన్ పత్రికా ప్రకటన చేయాల్సొచ్చింది. పనిముట్లు తయారుచేసేది మనిషొక్కడే అని ఒకప్పుడు గట్టిగా చెప్పేవాళ్లు, తర్వాత చింపాంజీలూ చేస్తాయని తేలింది. మరి ఆవు చేస్తే? అలాగే ఏడుస్తాయి, ఎందుకూ కొరగాకుండా. జోకు అదే. కాకపోతే ఒకదాన్ని రంపంలా గీసేసరికి జనం మిగతా మూడూ ఏంటో కనిపెట్టాలని కూర్చున్నారు, పొరపాటు అక్కడే జరిగిందని తర్వాత ఆయనే రాసుకున్నారు.

నా మటుకు నాకు లార్సన్‌లో నచ్చేది, ఎంత పిచ్చి ఊహ చేసినా జంతువు వైపు నుంచి లెక్క సరిగ్గా ఉండటం. ఆ లెక్క తప్పిన దోమ కార్టూన్ కూడా ఒకటి ఉంది. మొగుడు దోమ సాయంత్రం ఇంటికొచ్చి, ఇవాళ సగం దేశానికి మలేరియా అంటించి ఉంటాను, అలిసిపోయానే అంటుంది. కుట్టేది ఆడదోమ కదా అని పాఠకులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. దోమలు ఇల్లు కట్టుకుని, బట్టలేసుకుని, ఇంగ్లిష్ మాట్లాడితే మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు అని ఆయన చురక వేశారు. అన్నట్టు మన తెలుగు కార్టూనిస్టు జయదేవ్ గారు కూడా చెన్నైలో జువాలజీ పాఠాలు చెప్పినవారే. కార్టూన్లకీ ఆ సబ్జెక్టుకీ ఏదో చుట్టరికం ఉందనిపిస్తుంది నాకు.

సియాటిల్_సుబ్బు:

నేనుండేది లార్సన్ సొంత రాష్ట్రం వాషింగ్టన్‌లోనే కాబట్టి కొంచెం చరిత్ర చెప్తాను. 1950లో టకోమాలో పుట్టారు. అన్న డాన్ చీకట్లో దయ్యాల పేరు చెప్పి హడలగొట్టేవాడట, పాములూ కప్పలూ పట్టుకొచ్చి ఇంట్లో పెంచడం నేర్పిందీ ఆ అన్నే, ఆ రెండూ కలిపితే వచ్చేదే లార్సన్ బొమ్మ. చదివింది కమ్యూనికేషన్స్, పని చేసింది సంగీత వాయిద్యాల షాపులో. 1976లో ఒక పత్రిక ఆరు కార్టూన్లు 90 డాలర్లకి కొంది. తర్వాత సియాటిల్ టైమ్స్‌లో ‘నేచర్స్ వే’ పేరుతో వారం వారం వేశారు, అదీ పిల్లల పజిల్ పక్కన! తల్లిదండ్రులు ఊరుకుంటారా? ఫిర్యాదులే ఫిర్యాదులు. ఈలోగా ఆయన కారు వేసుకుని శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి క్రానికల్ పత్రిక వాళ్లకి చూపించడం, వాళ్లు ఒప్పుకోవడం, ఇంటికొచ్చేసరికి సియాటిల్ వాళ్లు ఆపేస్తున్నామని రాసిన ఉత్తరం ఎదురుచూస్తూ ఉండటం, అన్నీ రోజుల తేడాలో జరిగాయి. 1980 జనవరి 1న ‘ఫార్ సైడ్’ మొదలు, 1995 జనవరి 1న ఆపేశారు. అప్పటికి దాదాపు 1,900 పేపర్లలో వస్తోంది. ఇంకా లాగితే నాసిరకంగా తయారవుతానని భయమేసిందట. అంత డబ్బొచ్చే పనిని 44 ఏళ్లకి వదిలేయడం మనవల్ల అయ్యేదేనా!

అడ్డగోలు_ఆనంద్:

అందరూ పొగిడేస్తున్నారు గానీ నాకైతే సగం చప్పగానే ఉంటాయి బ్రో. ఆవుకి కళ్లజోడు పెట్టి కింద ఒక లైను రాస్తే కార్టూనా? కేప్షన్ తీసేస్తే చాలావాటిలో ఏమీ మిగలదు. బాపు గీత చూసిన కళ్లకి ఆ మనుషులు ఉడకబెట్టిన ఆలుగడ్డల్లా ఉంటారు.

జువాలజీ_మాస్టారు:

ఆనంద్ గారూ, గీత విషయంలో మీతో పేచీ లేదు. కానీ సైంటిస్టులు ఈయన్ని నెత్తిన పెట్టుకున్నారు, అది ఊరికే రాదు. గుడ్లగూబల మీద బతికే ఒక పేనుకి 1989లో ఆయన పేరు పెట్టారు, పేనుకి తన పేరు పెట్టడం గొప్ప గౌరవమని ఆయనా మురిసిపోయారు. స్టెగోసారస్ అనే డైనోసార్ తోక చివర ముళ్లకి ఓ కార్టూన్‌లో ఆదిమానవుడు ‘థాగొమైజర్’ అని పేరు పెడతాడు, కీర్తిశేషులు థాగ్ సిమన్స్ గారి జ్ఞాపకార్థమట. ఆ ముళ్లకి అప్పటిదాకా పేరే లేదు, 1993లో కెన్ కార్పెంటర్ అనే డైనోసార్ శాస్త్రవేత్త ఒక సదస్సులో అదే మాట వాడేశారు.

అడవిలో చింపాంజీల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన జేన్ గుడాల్ సంగతైతే ఇంకా బాగుంటుంది. 1987లో వేసిన బొమ్మలో ఆడ చింపాంజీ మొగుడి ఒంటి మీద బంగారు రంగు వెంట్రుక పట్టుకుని, మళ్లీ ఆ జేన్ గుడాల్‌తో ‘పరిశోధన’ చేసొచ్చావా అని ఒక తిట్టు కూడా కలిపి నిలదీస్తుంది. గుడాల్ సంస్థ వాళ్లకి ఒళ్లు మండి లాయర్ చేత ఘాటుగా ఉత్తరం రాయించారు. అప్పుడు ఆఫ్రికాలో ఉన్న గుడాల్ గారు బొమ్మ చూసి హాయిగా నవ్వేశారు! తర్వాత ఆ కార్టూన్‌తో టీషర్టులు అమ్మి ఆ డబ్బు ఆమె సంస్థకే ఇచ్చారు, ఆయన పుస్తకం ఒకదానికి ఆమె ముందుమాట కూడా రాశారు. 1988లో లార్సన్ ఆమెను చూడటానికి టాంజానియాలోని గోంబే వెళ్తే అక్కడి రౌడీ చింపాంజీ ఫ్రోడో మీదపడి కొట్టింది, దెబ్బలు తగిలాయి కూడా. లాయర్ నోటీసు కంటే ఇదే గట్టి శిక్ష అని నా ఉద్దేశం.

పిల్లకాకి:

థాంక్సండీ మాస్టారూ, సుబ్బు గారూ. గుడాల్ బొమ్మ వెతికి చూశాను, ఇది మాత్రం నిజంగానే నవ్వొచ్చింది. ఆయన ఇప్పుడేమీ గీయడం లేదా?

సియాటిల్_సుబ్బు:

2020లో మళ్లీ కొత్తవి కొన్ని గీశారు. ఏటా క్రిస్మస్ కార్డు గీసుకునేటప్పుడు పెన్ను ఎండిపోయి మొరాయిస్తోందని విసుగెత్తి డిజిటల్ టాబ్లెట్ కొన్నారట, సరదా పుట్టింది. రోజువారీ వేయరు, బుద్ధి పుట్టినప్పుడే. ఆయన వెబ్‌సైట్ 2019 చివర్లో మొదలైంది, రోజూ పాతవి కొన్ని మార్చి మార్చి పెడతారు, డబ్బు కట్టక్కర్లేదు. తన బొమ్మలు నెట్‌లో పెట్టొద్దని ఆయన చాన్నాళ్ల కిందటే ఉత్తరం రాసి బతిమాలుకున్నారు కాబట్టి మీ గ్రూపులో బొమ్మ కాకుండా సైట్ లింకే పెట్టమనండి.