ఓటీటీలు ఉండగా సినిమా డిస్కులు దాచుకోవడం అవసరమా?

అనంతపురం సభ్యుడు:
మా అటక మీద రెండు అట్టపెట్టెల నిండా సినిమా డిస్కులు ఉన్నాయి. ఇల్లు మారుతున్నాం కనుక వాటిని పాత సామాను కొనేవాళ్లకు ఇచ్చేయమని ఇంట్లో అంటున్నారు. చాలావరకు 2007 ప్రాంతంలో, మోజర్ బేయర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మిన రోజుల్లో, సప్తగిరి సర్కిల్ దగ్గరి అంగళ్లలో కొన్నవి. ఫోన్‌లోనే సినిమాలు దొరుకుతున్నప్పుడు వీటిని ఉంచుకోవడంలో అర్థం ఉందా?

కర్నూలు సభ్యుడు:
ఇచ్చేయమనే నా సలహా. డీవీడీ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలే ఉంటాయి. నేటి 4కే టీవీలో అడ్డంగానే 3840 చుక్కలు ఉంటాయి కాబట్టి ఆ బొమ్మను సాగదీసి చూపవలసి వస్తుంది, ముఖాలు అలికినట్టు కనబడతాయి. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే చోటే ఉండటం లేదు. తపాలాలో డిస్కులు పంపడంతో 1998లో వ్యాపారం మొదలుపెట్టిన నెట్‌ఫ్లిక్సే 2023 సెప్టెంబరులో ఆ పని ఆపేసింది.

కడప సభ్యుడు:
బొమ్మ గురించి కర్నూలు మిత్రులు చెప్పింది డీవీడీ వరకు నిజమే కానీ, డిస్కులన్నిటికీ వర్తించదు. డీవీడీ తరవాత వచ్చిన బ్లూరే డిస్కులో 50 జీబీ దాకా పడుతుంది, బొమ్మ సెకనుకు 40 మెగాబిట్ల దాకా రాగలదు. 4కే ప్రసారానికి నెట్‌ఫ్లిక్స్ అడిగే నెట్ వేగం 15 మెగాబిట్లు మాత్రమే. చీకటి దృశ్యాల్లోనూ, ధ్వనిలోనూ ఆ తేడా తెలుస్తుంది.

అయినా నేను డిస్కులు దాచుకునేది అందుకు కాదు. నెలనెలా చందా కట్టి చూస్తున్న ఒక సేవలో, సగం చూసి మరునాటికి ఉంచుకున్న సినిమా, హక్కుల గడువు తీరిందని మాయమైంది. నేను కట్టింది చూడనిచ్చినంత కాలానికే తప్ప సినిమాకు కాదని ఆ రోజే అర్థమైంది. డబ్బిచ్చి 'కొన్న' డిజిటల్ సినిమా సంగతీ అంతే. అది కొనుగోలు కాదు, అనుమతి మాత్రమేనన్న విషయాన్ని కొనేవారికి స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియాలో చట్టమే తెచ్చారు, అది 2025 నుంచి అమలులో ఉంది.

ఇంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. మీ తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి గారు తీసిన 'మాయాబజార్' 1957లో నలుపు తెలుపుల్లో వచ్చింది. 2010లో రంగులద్ది మళ్లీ విడుదల చేసినప్పుడు కొన్ని పాటలను, పద్యాల్లో చాలావాటిని తీసేసి నిడివి తగ్గించారు. రంగుల పని చేసినవారి శ్రమను నేను తక్కువ చేయను. కానీ పద్యం లేని ఆ సినిమాను చూసి పెరిగే పిల్లవాడికి, అక్కడ ఒక పద్యం ఉండేదని తెలిసే దారి ఏది? ఏ రూపాన్ని చూపాలో ప్రసారం చేసేవారు నిర్ణయిస్తారు, రేపు మార్చగలరు కూడా. నా దగ్గరున్న నలుపు తెలుపు డిస్కును మాత్రం ఎవరూ మార్చలేరు. మీ పెట్టెల్లో అలాంటివి ఉంటే దయచేసి పారేయవద్దు.

కర్నూలు సభ్యుడు:
రూపం మారుతుందన్న మాటను నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో, రేకుల కింది అటక మీద డిస్కు ఎన్నాళ్లుంటుంది? నేను ఇంట్లో రాయించి పెట్టుకున్న పెళ్లి సీడీని పదేళ్లకే ప్లేయరు చదవలేకపోయింది.

కడప సభ్యుడు:
రాయించిన డిస్కు వేరు, కంపెనీ అచ్చు డిస్కు వేరు. అచ్చు డిస్కులో సమాచారం సన్నని గుంతల రూపంలో ప్లాస్టిక్‌లోనే పడి ఉంటుంది. రాయించినదాంట్లో సమాచారం నిలిచేది ఒక రంగు పూతలో. ఎండకు, వేడికి ఆ పూత చెడిపోతుంది. వెనక్కి తిప్పి చూస్తే అచ్చుది వెండిలా మెరుస్తుంది, రాయించినది చాలావరకు ఊదా లేదా నీలం ఛాయలో ఉంటుంది. అచ్చుదీ శాశ్వతమని అనను. లోపలి అల్యూమినియం పొరకు గాలీ తేమా తగిలితే మచ్చలు పడతాయి. సీడీ, వీసీడీలలో ఆ పొర, సినిమా పేరు అచ్చువేసిన వైపు పైపైనే ఉంటుంది కనుక, గీత అటువైపు పడితేనే ఎక్కువ ప్రమాదం. డీవీడీలో అది రెండు పలకల మధ్య భద్రంగా ఉంటుంది.

అనంతపురం సభ్యుడు:
నిన్న పెట్టెలు దించి, ఒక్కొక్క డిస్కునూ కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాను. ఊదా రంగువి పదకొండు తేలాయి, అందులో ఏడు తెరుచుకోలేదు. వీసీడీల్లో మూడింటికి పేరు వైపు పొర పొలుసులుగా లేచిపోయి, రంధ్రంలోంచి కిటికీ చువ్వలు కనబడ్డాయి. వాటిని తీసేశాను. ఇప్పుడు ఎక్కడైనా దొరికే సినిమాలను కూడా ఇచ్చేస్తున్నాను. నలుపు తెలుపు సినిమాలు నలభై రెండు మిగిలాయి. వాటిని అటక ఎక్కించకుండా, ఎండ తగలని గదిలో పుస్తకాల బీరువాలో నిలువుగా పేర్చాను. యూఎస్‌బీకి తగిలించుకునే డ్రైవు ఒకటి కొనాలి. ఏది మన్నుతుందో తెలిసినవారు చెప్పగలరు.